ద్వంద్వం అంటే జంటా, జగడమా?

పోయిన సంచికలో ‘ద్వంద్వ ప్రమాణాలు’ అన్న మాట గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు రాసినచోట కలిపేశాం.

ప్రశ్న: గీతా ప్రవచనాల్లో ‘నిర్ద్వంద్వుడు’ అంటే సుఖదుఃఖాలకు చలించనివాడని చెబుతారు. పేపరు తిరగేస్తే ‘ఆరోపణలను నిర్ద్వంద్వంగా ఖండించారు’ అని ఉంటుంది. ఖండించేవాళ్లు ఎవరూ అంత స్థితప్రజ్ఞుల్లా కనిపించరు. రెండూ ఒకే మాటేనా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మాట ఒకటే, నడిచిన దారులు రెండు.

సంస్కృతంలో ‘ద్వి’ శబ్దాన్ని రెండుసార్లు పలికితే ఏర్పడిన రూపం ద్వంద్వం. రెండేసి, జత అని మొదటి అర్థం. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘స్త్రీపుంసౌ మిథునం ద్వంద్వం’ అంటూ ఆలుమగల జంటకు ఈ పేరు చెప్పింది. అదే అమరకోశం, ఒకే మాటకున్న పలు అర్థాలు చెప్పే నానార్థ వర్గంలోకి వచ్చేసరికి ‘ద్వంద్వం కలహయుగ్మయోః’ అంటుంది. అంటే జంటకూ కలహానికీ ఇదే పేరు. (ఆలుమగలకూ పోట్లాటకూ ఒకే మాట ఉండటం మీద వ్యాఖ్యానం పాఠకులకే వదిలేస్తున్నాం.) ద్వంద్వయుద్ధంలో కూడా ‘ద్వంద్వ’ చెప్పేది కొట్లాటను కాదు, బరిలో ఇద్దరే ఉన్నారన్న సంగతిని. కొట్లాటను చెప్పడానికి పక్కనే ‘యుద్ధం’ ఉంది.

వేదాంతులు ఈ జతను ఒక ప్రత్యేకమైన పనికి వాడుకున్నారు. ఎదురెదురుగా నిలబడి, ఒకదాని వెనక ఒకటి వచ్చే అనుభవాల జంటలు వాళ్ల లెక్కలో ద్వంద్వాలు: శీతోష్ణాలు, సుఖదుఃఖాలు, లాభాలాభాలు, జయాపజయాలు, మానావమానాలు. గీత రెండో అధ్యాయం 45వ శ్లోకంలోని ‘నిర్ద్వంద్వో నిత్యసత్త్వస్థో’ ఈ అర్థంలోనిదే. ఏడో అధ్యాయం 27వ శ్లోకం దీనికి మూలం కూడా చెప్పింది: ఇచ్ఛ, ద్వేషం, వాటి నుంచి పుట్టే ‘ద్వంద్వమోహం’. పతంజలి యోగసూత్రాల్లో 2-48, ఆసనం కుదిరాక ద్వంద్వాల దెబ్బ తగలదంటుంది. అక్కడ వ్యాఖ్యాతలు మొదట చెప్పే ఉదాహరణ చలీ, ఎండా. గమనించాల్సింది ఏమిటంటే, చలి ఒక్కటే ద్వంద్వం కాదు, ఎండ ఒక్కటే కాదు. ఆ జతకే ఆ పేరు. అందుకే ‘దుఃఖం అనే ద్వంద్వం’ అని రాస్తే తప్పు.

ఇక పేపరు భాష. అక్కడి ద్వంద్వం ‘అవును–కాదు’ అనే రెండు పక్షాలు. రెండో మాటకు తావు లేకుండా, డొంకతిరుగుడు లేకుండా అంటే నిర్ద్వంద్వంగా అన్నమాట. కాబట్టి వాడుక సరైనదే. తప్పు ఎక్కడ వస్తుందంటే, ‘ఆరోపణలను నిర్ద్వంద్వంగా ఖండించారు, నిజానిజాలు విచారణలో తేలతాయని అన్నారు’ అని ఒకే ఊపులో రాసినప్పుడు. రెండో సగం మొదటి సగాన్ని తినేస్తుంది. అలాంటిచోట ‘ఖండించారు’ చాలు.

రాతలో ఇంకో సంగతి. ‘నిర్ధ్వంద్వం’, ‘ద్వంధ్వం’ అని ఒత్తు ధ పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ మాటలో ఎక్కడా ఒత్తు ధ లేదు. రెండు చోట్లా ‘ద’కు ‘వ’ వత్తే.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. పరస్పరం వ్యతిరేకమైన రెండు మాటలు కలిస్తే ద్వంద్వ సమాసం అని రాశాడు. మార్కు పోయింది. సుఖదుఃఖాలు, లాభనష్టాలు వ్యతిరేకాలే కదా?
— ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: మార్కు పోవడం న్యాయమేనమ్మా. వ్యతిరేకార్థం ద్వంద్వ సమాసానికి లక్షణం కాదు. అన్నదమ్ములు, కూరగాయలు, కాళ్లుచేతులు అన్నీ ద్వంద్వాలే, వాటిలో వ్యతిరేకం ఏముంది? రెండు పదాల అర్థాలకూ సమాన ప్రాధాన్యం ఉండాలి. లక్షణం అంతే. పాణిని సూత్రం ‘చార్థే ద్వంద్వః’. సంస్కృతంలో ‘చ’ అంటే మన ‘యు’, ‘ను’, లేదా మాట చివర దీర్ఘం.

బాబును ఇలా పరీక్షించుకోమనండి. సమాసాన్ని విడదీసి రెండు మాటల చివరా దీర్ఘం ఇవ్వాలి: సుఖమూ, దుఃఖమూ. అర్థం చెడకపోతే ద్వంద్వం. ‘రాజభవనం’ తీసుకుని ‘రాజూ, భవనమూ’ అంటే అర్థం మారిపోయింది, కాబట్టి కాదు. తరవాత క్రియను రెండిటికీ విడివిడిగా అతికించి చూడాలి. ‘లాభనష్టాలు చూశాడు’ అంటే లాభమూ చూశాడు, నష్టమూ చూశాడు. రెండూ అతికాయి. ‘రాజభవనం చూశాడు’లో రాజును చూడలేదు.

పరీక్షల్లో తరచూ తప్పు పోయేవి రెండు. పేర్లు ఒకలా వినిపించడం వల్ల ద్విగువునూ ద్వంద్వాన్నీ కలిపేస్తారు. ‘నాలుగు దిక్కులు’, ‘మూడు లోకాలు’ లాగా ముందు సంఖ్య ఉంటే ద్విగువు. రెండోది ‘శీతోష్ణస్థితి’ లాంటి గొలుసు. దాని లోపల శీతమూ ఉష్ణమూ అనే ద్వంద్వం ఉంది, కానీ మొత్తం మీద అది ‘శీతోష్ణముల యొక్క స్థితి’, షష్ఠీ తత్పురుష. చివరి ముడి ఏదో దాని పేరే రాయాలి.

సమాసాన్ని విడదీసి చెప్పే విగ్రహవాక్యంలో ‘తల్లి మరియు తండ్రి’ అని రాయడం ఇప్పుడు మామూలైపోయింది. దానికి మార్కులు కోయరనుకుంటాం గానీ, తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు. ‘తల్లీ, తండ్రీ’ లేదా ‘తల్లియును, తండ్రియును’ రాస్తే బాగుంటుంది.

‘తల్లిదండ్రులు’లో తండ్రి కాస్తా ‘దండ్రి’ ఎలా అయిందని కూడా అడిగారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో, ద్వంద్వంలో మొదటి పదం మీది పరుషాలకు (క, చ, ట, త, ప) గసడదవలు వస్తాయని సూత్రం ఉంది. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. కాలు, చేతులు కలిస్తే కాలుసేతులు. వాడుక మాత్రం ఈ సూత్రాన్ని ఇష్టమున్నచోట పాటించి, లేనిచోట వదిలేసింది. హెచ్చుతగ్గులనూ ఆటుపోట్లనూ రాకపోకలనూ ఎవరూ మార్చి పలకరు.

అయితే మీవాడు అనుకున్నదానిలో ఒక చిన్న నిజం ఉంది. వ్యతిరేక గుణాల జంటల్ని పాణిని విడిగా పట్టించుకున్నాడు. పుట్టుకతోనే శత్రువులైన ప్రాణుల పేర్లు కలిస్తే ఆ ద్వంద్వం ఏకవచనంలోనే ఉండాలన్నాడు (2-4-9): అహినకులం, మార్జారమూషకం. పామూ ముంగిసా, పిల్లీ ఎలుకా అన్నమాట. ఇక ద్రవ్యాలు కాకుండా వట్టి గుణాలో స్థితులో ఒకదానికొకటి ఎదురైతే, ఏకవచనం ఐచ్ఛికం అన్నాడు (2-4-13): ‘సుఖదుఃఖం’ అనవచ్చు, ‘సుఖదుఃఖే’ అని, రెండిటిని చెప్పే ద్వివచనమూ వాడవచ్చు. గీత 2-38లో కనిపించేది ఆ ద్వివచనమే. అదే ‘శీతోష్ణే ఉదకే’, చన్నీళ్లూ వేణ్ణీళ్లూ అంటే, అక్కడ చెప్పేది గుణాన్ని కాదు, నీళ్లను. కాబట్టి ఏకవచనం కుదరదు. తెలుగుకు ఈ వెసులుబాటు దాదాపు లేదు. మనకు ద్వంద్వం బహువచనంలోనే ఉంటుంది: కష్టసుఖాలు, మంచిచెడ్డలు, కలిమిలేములు. ‘ఎగుడుదిగుడు’ లాంటివి కొన్ని మాత్రం ఏకవచనంలోనే తిరుగుతున్నాయి.

ప్రశ్న: మా పై అధికారి మాట కటువు, మనసు వెన్న. పదవీ విరమణ సభలో ఆయన గురించి ‘ద్వంద్వ స్వభావం గల మహనీయుడు’ అని సన్మానపత్రంలో రాశాం. చదువుతుంటే సభలో నవ్వులు వినిపించాయి. తప్పేమిటి?
— ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: నిఘంటువు ప్రకారం తప్పు లేదు. వాడుక ప్రకారం మీరు ఆయన్ను రెండు నాలుకల మనిషి అన్నారు. మనిషికి తగిలించినప్పుడు ద్వంద్వ స్వభావం, ద్వంద్వ వైఖరి, ద్వంద్వ ప్రమాణాలు అన్నీ నింద కిందికే వస్తాయి. గోముఖవ్యాఘ్రం, పయోముఖ విషకుంభం అన్నవీ అంతే. వాటిలో పైకి కనిపించే మంచి గుణం నటన. మీ అధికారిలో రెండు గుణాలూ నిజమైనవి, అదే తేడా.

మీకు కావలసిన మాట నన్నయ ఎప్పుడో చెప్పాడు. ఆదిపర్వంలో ఉదంకుడనే విప్రుడు పౌష్య మహారాజు ఇంట భోజనం దగ్గర అలిగి శపిస్తాడు, రాజు తిరిగి శపిస్తాడు. శాపాలు వెనక్కి తీసుకునే బేరం వచ్చినప్పుడు పౌష్యుడు అన్న మాట ఇది:

‘నిండు మనంబు నవ్య నవనీత సమానము, పల్కు దారుణా
ఖండల శస్త్ర తుల్యము జగన్నుత! విప్రులయందు, నిక్క మీ
రెండును రాజులందు విపరీతము...’

విప్రుల మనసు అప్పుడే తీసిన వెన్న, మాట ఇంద్రుడి వజ్రాయుధం. రాజుల్లో ఈ రెండూ తిరగబడి ఉంటాయి, కాబట్టి నేను శాపం మళ్లించలేనని ఆయన వాదం. సంస్కృత భారతంలో ఇక్కడ ఉన్నది పదునైన మంగలికత్తి. నన్నయ దాన్ని వజ్రాయుధం చేశాడు.

రెండు విషయాలు చూడండి. ఒకటి, వెన్నా వజ్రమూ ఎంత ఎదురెదురు గుణాలైనా ఇక్కడ కొట్టుకోవడం లేదు. ఒకటి మనసులో ఉంది, రెండోది మాటలో ఉంది. గుణాలు నిజంగా కొట్టుకోవాలంటే ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే విషయంలో ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా అది వైరుధ్యం కాదు. రెండు, ‘విపరీతము’ అన్న మాట. ఇవాళ మనం ‘విపరీతమైన ఎండ’ అంటే అతి అని అర్థం. నన్నయ దగ్గర దాని అసలు అర్థం ఉంది: తలకిందులు, అటుది ఇటు.

సన్మానపత్రానికి ‘మాట కరుకైనా మనసు వెన్న’ చాలు. అందరికీ తెలిసిన మాటే, ఎవరూ నవ్వరు.

ప్రశ్న: అనువాదాలు చేస్తుంటాను. వైరుధ్యం, వైవిధ్యం, వైషమ్యం, వైపరీత్యం ఒకదాని బదులు ఒకటి పడిపోతున్నాయి. ‘వైరుధ్యం’ అసలు తప్పు రూపమని కూడా ఒకరన్నారు.
— ఒక అనువాదకురాలు, బెంగళూరు

జవాబు: నాలుగూ ఒకే అచ్చులో పోసినవి. మొదటి ‘వి’ ‘వై’ అయింది, చివర ‘య’ చేరింది. కాబట్టి వెనక్కి విప్పుకుంటే అర్థం బయటపడుతుంది. వివిధ నుంచి వైవిధ్యం: రకరకాలుగా ఉండటం. ఇందులో తగాదా లేదు, జీవవైవిధ్యం అంటే మెచ్చుకోలే. విషమ నుంచి వైషమ్యం: సమంగా లేకపోవడం. అక్కడి నుంచి అది పగలోకి జారింది, ‘మత వైషమ్యాలు’ అన్నప్పుడు అసమానత ఎవరికీ స్ఫురించదు. విపరీత నుంచి వైపరీత్యం: పైన నన్నయ దగ్గర చూసిన తలకిందులే, ఇప్పుడు తుపానులకూ కరువులకూ స్థిరపడింది. విరుద్ధ నుంచి వచ్చింది వైరుధ్యం: రెండూ ఒకేసారి నిలవలేని స్థితి.

వ్యాకరణం ప్రకారం ఆ చివరిది ‘వైరుద్ధ్యం’ కావాలి, ఎందుకంటే మూలంలో ‘ద్ధ’ ఉంది. మీకు చెప్పినవారి ఉద్దేశం అదే. కానీ పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ‘వైరుధ్యం’తో స్థిరపడ్డాయి, మేమూ అదే రాస్తాం. సంస్కృత గ్రంథానికి వ్యాఖ్య రాస్తుంటే తప్ప ద్ధ్య జోలికి పోనక్కర్లేదు.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది భేదానికీ వైరుధ్యానికీ మధ్య గీత. ఒకరికి కాఫీ కావాలి, ఒకరికి టీ కావాలి: అభిప్రాయ భేదం. ఒకే గదిలో ఒకరు ఫ్యాను వేయమంటారు, ఒకరు కట్టేయమంటారు: వైరుధ్యం, రెండూ జరిగే వీలు లేదు. సాక్షి రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉన్నానని ఒకసారి, అదే రాత్రి తొమ్మిదికి సంతలో ఉన్నానని ఇంకోసారి చెబితే పరస్పర విరుద్ధ వాంగ్మూలాలు. ఎనిమిదికి ఇంట్లో, తొమ్మిదికి సంతలో అంటే ఏ గొడవా లేదు. అనువాదంలో ఆ గంట జారిపోతే లేని వైరుధ్యం పుడుతుంది. అందుకే కాలాన్నీ చోటునూ చెప్పే చిన్న మాటల్ని వదలకూడదు.

మార్క్సిస్టు రచనలు అనువదించేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడ ‘వైరుధ్యం’ పారిభాషిక పదం: ఒకే వస్తువులో కలిసే ఉంటూ పెనుగులాడే రెండు పక్షాలు. ప్రధాన వైరుధ్యం, మిత్ర వైరుధ్యం, శత్రు వైరుధ్యం అన్న జంట మాటలు తెలుగులో గట్టిపడిపోయాయి. వాటిని తేడా, పొరపాటు, విభేదం అని మారిస్తే ఆ వాదమే కూలిపోతుంది.

ప్రశ్న: విరోధాభాసాలంకారం, వ్యతిరేకాలంకారం ఒకటేనా? రెండు పేర్లలోనూ ‘ఎదురు’ వినిపిస్తోంది.
— ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు. వ్యతిరేకాలంకారం పేరు చూసి మోసపోకూడదు, అందులో ఎదురేమీ లేదు. ఉపమానానికీ ఉపమేయానికీ పోలిక చెప్పి, ఒక విశేషం దగ్గర రెండిటినీ విడదీస్తే అది వ్యతిరేకం. అలంకార గ్రంథాల్లో ఇచ్చే ఉదాహరణ: సజ్జనులు కొండల్లా ఉన్నతులే, కానీ స్వభావం మెత్తన. ఎత్తులో పోలిక, మెత్తదనంలో తేడా.

విరోధాభాస లక్షణం ‘ఆభాసత్వే విరోధస్య’: విరోధం ఉన్నట్టు అనిపించాలి, ఆలోచిస్తే తేలిపోవాలి. తెలుగులో ఇలా కట్టవచ్చు: ‘పన్ను లేకున్నా పన్ను కట్టక తప్పదీ తాతకు’. లేనిది కట్టడమేమిటని ఒక క్షణం ఆగుతాం. మొదటి పన్ను నోట్లోది, రెండోది ఇంటిదని తెలియగానే ముడి విడిపోతుంది. (దంతవైద్యుడి దగ్గర పళ్లు కట్టించుకునే రోజుల్లో ఉదాహరణకు మూడో అర్థం కూడా వస్తోంది, అది వేరే సంగతి.) ఆలంకారికుడు మమ్మటుడు విరోధాన్ని జాతి, గుణం, క్రియ, ద్రవ్యం అనే నాలుగింటిని జతచేసి పది రకాలుగా లెక్కపెట్టాడు. గుణానికి గుణంతో విరోధం వాటిలో ఒకటి.

పరీక్షలో రాసేటప్పుడు విరోధం ఎక్కడ కనిపించిందో చెప్పి ఆగిపోతారు చాలామంది. అది సగం జవాబే. ఎలా పరిహారమైందో కూడా రాయాలి. పరిహారం లేకపోతే అది అలంకారం కాదు, పొంతన లేని మాట.

ప్రశ్న: ‘అధర్మం’ అంటే ధర్మం లేకపోవడమా, ధర్మానికి ఎదురైనదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎదురైనదే. ముందు వచ్చే ‘అ’కు పూర్వులు ఆరు అర్థాలు చెప్పారు: పోలిక, లేకపోవడం, వేరుగా ఉండటం, కొద్దిగా ఉండటం, మెచ్చదగనిది కావడం, విరోధం. ‘అపాపం’లో పాపం లేదు. ‘అనుదర’ అంటే నడుము లేనిది కాదు, సన్న నడుముది. ‘అధర్మం’ చివరి రకం. తెలుగు ‘కాదు’కు ఇంత బలం లేదు. ‘మంచివాడు కాదు’ అన్నంత మాత్రాన చెడ్డవాడని తేలదు, ఎందుకంటే మధ్యలో చాలామంది ఉన్నారు. వేడికీ చల్లదనానికీ మధ్య గోరువెచ్చన ఉన్నట్టే. సజీవం, నిర్జీవం లాంటి జంటల్లో మధ్య మెట్టు లేదు, అక్కడ ఒకదాన్ని కాదంటే రెండోది ఖాయం.

ప్రశ్న: ఎటూ తేల్చుకోలేకపోవడాన్ని ‘ద్వైధీభావం’ అనవచ్చా?
— ఒక పాఠకురాలు, షార్జా

జవాబు: అంటున్నారు, నిఘంటువులకూ అభ్యంతరం లేదు. రాజనీతిలో మాత్రం దానికి వేరే అర్థం. సంధి, విగ్రహం (అంటే యుద్ధం), యానం, ఆసనం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు గుణాల్లో అది చివరిది. కౌటిల్యుడి ప్రకారం ఒకరితో సంధి చేసుకుని ఇంకొకరితో యుద్ధం సాగించడం. అది తటపటాయింపు కాదు, లెక్క చూసుకుని వేసిన ఎత్తు. ఏది చేసినా నష్టమే అయితే ఉభయసంకటం: కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ప్రశ్న: ఇంటర్ భౌతికశాస్త్రంలో ‘ద్వంద్వ స్వభావం’ ఉంది, రసాయనశాస్త్రంలో ‘ద్విస్వభావ ఆక్సైడ్లు’ ఉన్నాయి. రెండు పేర్లెందుకు?
— ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: కలిపేస్తే గందరగోళమవుతుంది కాబట్టి. కాంతీ ఎలక్ట్రానూ ఒక ప్రయోగంలో తరంగంలా, ఇంకో ప్రయోగంలో కణంలా కనబడతాయి. భౌతికశాస్త్రవేత్త డీబ్రాయ్ 1924లో పదార్థానికి కూడా చెప్పింది ఇదే. దానికి ద్వంద్వ స్వభావం అని పేరు. అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లంతోనూ చర్య జరుపుతుంది, క్షారంతోనూ జరుపుతుంది. అది ద్విస్వభావం. జ్యోతిషంలో మిథునం, కన్య, ధనుస్సు, మీనం ద్విస్వభావ రాశులు, చరానికీ స్థిరానికీ మధ్యవి. పరీక్షలో ఏ సబ్జెక్టు మాట ఆ సబ్జెక్టులోనే రాయాలి.